మందలింపుతో అర్జునుడు లేవలేదు

“భక్తుడికి దిగులేమిటి?” అన్న ప్రశ్న ఆధ్యాత్మిక సభలలో కొంతకాలంగా సిద్ధాంతవాక్యంలా చెలామణీ అవుతోంది. రూపానికి అది ప్రశ్న. స్వరంలో మాత్రం తీర్పు వినిపిస్తుంది. భగవంతుణ్ణి నమ్మినవాడు కుంగిపోడు గనుక, కుంగిపోయినవాడు నమ్మలేదన్నది దాని తాత్పర్యం. అక్కడి నుంచి ఉపసిద్ధాంతాలు పుట్టుకొస్తాయి. జపం సక్రమంగా సాగితే మనసు బరువెక్కదు. బరువెక్కిందంటే జపంలో లోపముంది. నిత్యం గీతాపారాయణ చేసేవాడికి నిద్ర పట్టకపోవడమేమిటి? మాత్ర మింగితే గాని కన్ను మూతపడని సాధకుడిది సాధనేనా? వేదిక మీది ఈ మాటలకు కరతాళధ్వనులు వస్తాయి. ఆ సభలోనే వెనుక వరుసలో, ఇంట్లోవారి బలవంతం మీద వచ్చి కూర్చున్న మనిషి ఒకడుంటాడు. నెల రోజులుగా అన్నం సయించక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఉన్న ఆ మనిషి సభకు ఒక్క బరువుతో వచ్చాడు, రెండింటితో తిరిగి వెళ్తాడు. తాను దుఃఖిస్తున్నాడన్నది మొదటిది. దుఃఖిస్తున్నాడు గనుక దైవానికి దూరమయ్యాడన్నది రెండవది.

ఆ రెండవ బరువుకు శ్రుతిలో గాని, స్మృతిలో గాని, ఇతిహాసపురాణాలలో గాని ఆధారం లేదు. పైగా అవన్నీ దానికి విరుద్ధంగా సాక్ష్యం చెబుతున్నాయి.

విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళే జాతీయ రహదారి మీద ఆనందపురం అనే ఊరుంది. చుట్టుపక్కల గ్రామాల మల్లె, చామంతి, బంతి తెల్లవారకముందే అక్కడి పూల బజారుకు చేరి, పెళ్ళిపందిళ్ళకూ దేవాలయాలకూ తరలిపోతాయి. ముహూర్తాలున్న మాసంలో బుట్టకు పలికిన ధర మూఢం రాగానే పలకదు. అటువంటి ఉదయాన అమ్ముడుపోని పూలు ఎదురుగా పెట్టుకొని కూర్చున్న రైతును చూసి, ఆనందపురంలో ఉంటూ దిగులుపడతావేమని ఎవరైనా అడిగితే అది పరిహాసం, అదీ క్రూరమైన పరిహాసం. ఊరి పేరు ఊరివారి చిత్తస్థితిని శాసించదని పసివాడికి కూడా తెలుసు. భక్తుడనే పేరు విషయంలో ఈ పాటి వివేకం పండితులకు ఎందుకు కొరవడుతోందో విచారించవలసి ఉంది.

కారణం లేకపోలేదు. ఆత్మ ఆనందస్వరూపమని తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి బోధిస్తుంది. ఆ బోధను పట్టుకొని, అందుచేత మనసు సర్వదా ఉల్లాసంగా ఉండితీరాలని వీరు నిగమనం చేస్తారు. ఆత్మ దృక్కు, మనసు దృశ్యం. ఉల్లాసం, దైన్యం, ఉత్సాహం, నిర్వేదం, ఇవన్నీ అంతఃకరణవృత్తులు. వస్తాయి, పోతాయి, సాక్షికి గోచరిస్తాయి. దృశ్యధర్మాలను దృక్కుకూ, దృక్కు స్వభావాన్ని దృశ్యానికీ అంటగట్టడాన్నే శంకరభగవత్పాదులు అధ్యాస అన్నారు. మనసు దిగులుపడినందుకు జీవుణ్ణి దోషిగా నిలబెట్టే ఉపన్యాసకుడు వేదాంతం పేరిట అధ్యాసనే ఉపదేశిస్తున్నాడు. ఇంతకంటే విపరీతం మరొకటి ఉండదు.

ఇక గీత. ఈ వాదమంతా గీత మీదనే నిలబడినట్లు కనిపిస్తుంది గనుక అక్కడే కొంతసేపు నిలవడం అవసరం.

క్లైబ్యాన్ని విడిచి లేవమని శ్రీకృష్ణుడు అర్జునుణ్ణి మందలించిన మాట రెండవ అధ్యాయం మూడవ శ్లోకంలో ఉంది. కుంగినవారి మీద ప్రయోగించే ఆయుధాలలో ఇదే ప్రథమం. భగవంతుడే మందలించాడు కదా, మేము మందలిస్తే తప్పేమిటని అడుగుతారు. అడిగేవారు ఆ శ్లోకం దగ్గరే గ్రంథాన్ని మూసివేసినట్లున్నారు. తరువాత ఏమి జరిగిందో చూడాలి. అర్జునుడు లేచాడా? గాండీవం అందుకున్నాడా? లేదు. ఆ మందలింపుకు బదులుగా మరి అయిదు శ్లోకాల పర్యంతం తన వేదననే చెప్పుకున్నాడు. శత్రురహితమైన రాజ్యం లభించినా, దేవతల మీద ఆధిపత్యమే దక్కినా, ఇంద్రియాలను శోషింపజేస్తున్న ఈ శోకాన్ని పోగొట్టేది తనకు కనబడటం లేదన్నాడు. చివరకు యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. మందలింపుకు కలిగిన ఫలం ఆ మౌనమే. సాక్షాత్తు పరమాత్మ నోటి నుంచి వెలువడిన మందలింపే కుంగినవాణ్ణి లేపలేదని వ్యాసమహర్షి దాచకుండా నమోదు చేశాడు. అటువంటప్పుడు మైకు ముందు నిలబడి అదే మాటను వల్లించేవారు ఏ ఫలాన్ని ఆశిస్తున్నారు?

అర్జునుడు మౌనం వహించాక భగవానుడి మాటతీరు మారింది. ముఖంలో చిరునవ్వు ఛాయ కనిపించింది. పదకొండవ శ్లోకంతో మొదలైన ఉపదేశం పద్ధెనిమిదవ అధ్యాయం దాకా సాగింది. నడుమ శిష్యుడు ఎన్నిమార్లు అడ్డు తగిలాడో, ఎన్ని సందేహాలు వెలిబుచ్చాడో, చెప్పినదే మళ్ళీ చెప్పమని ఎలా ప్రాధేయపడ్డాడో గీత చదివిన ప్రతివారికీ తెలుసు. రెండు శ్లోకాల మందలింపు ఎక్కడ, వందల శ్లోకాల ఓర్పు ఎక్కడ! మొదటిదాన్ని పట్టుకొని రెండవదాన్ని విడిచిపెట్టడం గీతానుసరణం అనిపించుకోదు.

మొదటి అధ్యాయంలోనూ ఒక విశేషముంది. రథాన్ని ఉభయసేనల మధ్య నిలిపి, కూడిన కురువీరులను చూడమన్న ఒక్క మాట తప్ప, ఆ అధ్యాయంలో శ్రీకృష్ణుడు మరేమీ పలకలేదు. అవయవాలు సడలిపోతున్నాయని, నోరు ఎండిపోతోందని, దేహం వణుకుతోందని, చర్మం మండుతోందని, నిలబడలేకపోతున్నానని, మనసు తిరిగిపోతోందని అర్జునుడు చెబుతూ ఉంటే సాంతం విన్నాడు. ఇవి నటన అనలేదు, సాకులు అనలేదు. విషాదం శరీరంలో కనబడుతుందని ఎరిగిన మహర్షి రాసిన వర్ణన అది. ఈనాడు వైద్యుడి ఎదుట కూర్చున్న రోగి చెప్పుకునేదానికీ దానికీ ఆట్టే దూరం లేదు. ఆ అధ్యాయానికి మన సంప్రదాయం అర్జునవిషాదయోగమని పేరు పెట్టింది. విషాదభంగమనో, విషాదనిందయనో పెట్టలేదు.

ఉపదేశాంతంలో గురువు శిష్యుడితో, చెప్పినదంతా విమర్శించి చూసుకొని ఇష్టమైనట్లు చేయమన్నాడు. ఏకాగ్రతతో విన్నావా, అజ్ఞానజనితమైన మోహం తొలగిందా అని అడిగాడు కూడా. తొలగితీరాలని శాసించలేదు, తొలగిందని తానే ప్రకటించుకోలేదు.

పైగా గీతాశ్రవణంతో అర్జునుడికి జీవితాంతం దుఃఖం అంటలేదని భారతం ఎక్కడా చెప్పదు. అభిమన్యుడు నేలకొరిగిన రాత్రి అదే అర్జునుడు వివశుడై విలపించాడు. అదే కృష్ణుడు పక్కన కూర్చొని ఓదార్చాడు. యుద్ధం ముగిసి, ద్వారకకు వెళ్ళడానికి కృష్ణుడు సన్నద్ధుడవుతున్న సమయంలో, ఆనాడు రణభూమిలో చెప్పినదంతా మరచిపోయానని, మళ్ళీ చెప్పమని అర్జునుడు వేడుకున్నాడు. మరచినందుకు కృష్ణుడు నొచ్చుకున్నాడు, అయినా చెప్పాడు. అదే అశ్వమేధపర్వంలోని అనుగీత. కృష్ణనిర్యాణానంతరం మౌసలపర్వంలో ఆ మహావీరుడి చేతికి గాండీవం మళ్ళీ బరువైంది. భగవంతుడినుంచి స్వయంగా విన్నవాడి చరిత్ర ఇది. ముద్రిత ప్రతిలో చదువుకున్నవాడు ఒక్కసారి కుంగితే పారాయణ వ్యర్థమైందని తేల్చేవారు భారతం తిరగేసి ఎన్నాళ్ళయిందో!

దీనికి ప్రతివాదులు పద్ధెనిమిదవ అధ్యాయాన్ని చూపుతారు. తామసకర్త లక్షణాలలో విషాదీ అన్న పదముంది. విషాదాన్ని విడువని ధృతి తామసమని ఉంది. నిజమే, ఉంది. కాని తామసకర్తను వర్ణించే శ్లోకం ఎనిమిది లక్షణాలను కలిపి చెబుతుంది. నిగ్రహం లేనివాడు, వివేకహీనుడు, గర్వి, వంచకుడు, పరుల జీవికను చెరిచేవాడు, సోమరి, విషాదశీలుడు, దీర్ఘసూత్రి. ఇన్నీ కలసినవాడు అక్కడ ఉద్దిష్టుడు. ఎనిమిదింటిలో ఒకదాన్ని తుంచి, వంచన ఎరుగని ఒక దీనుడి నుదుట అంటించడం ఏ మీమాంసాన్యాయానికి లోబడి ఉంది? ధృతిని గూర్చిన శ్లోకంలో దూష్యమైనది విడువకపోవడం. విడిచిపెట్టాలని ప్రతిరాత్రీ తపించి, విడిచిపెట్టలేక తెల్లవార్లూ మేలుకొని ఉండేవాడి స్థితి వేరు. గాయాన్ని కెలుక్కునేవాడినీ గాయపడినవాడినీ ఒకే గాట కట్టడం శాస్త్రం చేసిన పని కాదు.

స్థితప్రజ్ఞుడు దుఃఖంలో ఉద్విగ్నుడు కాడని మరొక ఆక్షేపణ. స్థితప్రజ్ఞలక్షణాలు సిద్ధుడికి స్వభావసిద్ధాలు, సాధకుడికి యత్నసాధ్యాలు అని భాష్యకారుల నిర్ణయం. సాధకుడు తన్ను తాను దిద్దుకోవడానికి చెప్పిన లక్షణాలవి. పొరుగువాడి భక్తిని కొలవడానికి వాటిని కొలబద్దగా చేసుకోమని ఎవరూ అనలేదు. ఆ కొలబద్ద ముందుగా ఎవరి మీద పెట్టాలో వేరే చెప్పాలా? పందిట్లో దీపాలు ఆరిపోతేనే ఉద్విగ్నులయ్యే ఉపన్యాసకులు లేకపోలేదు.

అదే భాష్యంలో, ఉపదేశానికి ముందున్న గీతాభాగం శోకమోహాలే సంసారబీజమని చూపడానికే ఉన్నదని ఆచార్యులు వివరించారు. సంసారబీజం సంసారులందరిలోనూ ఉంటుంది. అందులో ఒకడికి అది మొలకెత్తినప్పుడు తక్కినవారు వేలు చూపడం విచిత్రమే.

క్లైబ్యాన్ని విడువమన్న మాటను దేశమంతటా మారుమ్రోగించినవాడు వివేకానందస్వామి అని కొందరు గుర్తుచేస్తారు. పరపాలనలో పడి నిద్రిస్తున్న జాతికి ఆయన ఇచ్చిన పిలుపది. వ్యక్తిగా ఆయన గడిపిన చీకటిరోజులు వేరే ఉన్నాయి. 1884లో తండ్రి మరణించాక, అప్పులవారి ఒత్తిడి, ఇంట్లో పస్తులు, దొరకని ఉద్యోగం నడుమ ఆ నరేంద్రుడు ఈశ్వరుడి దయనే శంకించాడు. నాస్తికుడైపోయాడని ఊరు చెప్పుకుంది. దక్షిణేశ్వరంలోని గురువు ఆ మాట నమ్మలేదు, శిష్యుణ్ణి దూరం చేయలేదు.

భక్తి ఒక ఎత్తు, దిగులు ఒక ఎత్తు అనే విభజన తెలుగువారి భక్తివాఙ్మయం ముందు నిలవదు. పోతన గజేంద్రుడు మొరపెట్టుకుంటూ, ఉన్నాడని చెప్పుకునే ఆ దేవుడు ఉన్నాడో లేడో అని మొరలోనే సందేహించాడు. ఆ సందేహాన్ని విన్నవాడు శంఖచక్రాలను కూడా సంధించుకోకుండా, లక్ష్మీదేవితోనైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. విశ్వాసపరీక్ష పెట్టి అర్హతాపత్రం ఇచ్చాక బయలుదేరలేదు. గోలకొండ చెరసాలలో కంచర్ల గోపన్న తాను చేయించిన నగల వెలలు లెక్కపెట్టి మరీ రాముణ్ణి నిలదీశాడు. ఆ కీర్తనలు ఈనాటికీ భద్రాద్రిలో పాడుతున్నారు. ఆ నిష్ఠురాన్ని దేవస్థానం తొలగించలేదు. ఆనందపురానికి చేరువలోని సింహాద్రి మీదకే చూపు మరల్చినా, 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథకవి చెప్పిన సింహాద్రి నారసింహ శతకం కనబడుతుంది. దండయాత్రలతో క్షేత్రాలు పాడవుతుంటే ఊరకున్న స్వామిని ఆ కవి ఎత్తిపొడిచాడు. నైరాశ్యం నిండిన నిందాస్తుతి అది. దాన్ని భక్తిశతకాల కోవలోనే లెక్కించారు పెద్దలు.

సుందరకాండ సంగతి మరీ ఆశ్చర్యం. ఇంట్లో ఏ కష్టం వచ్చినా తెలుగువారు పారాయణకు ఎత్తుకునే కాండ అది. లంకంతా గాలించి సీతమ్మ కనబడక హనుమంతుడు కుంగిపోయాడు. నిర్వేదం చెందకపోవడమే శ్రేయస్సుకు మూలమని తనకు తాను చెప్పుకున్నాడు, మళ్ళీ వెదికాడు. ఈ ఘట్టం వరకు ఉపన్యాసకులు ఉత్సాహంగా వల్లిస్తారు. తరువాతి సర్గను మాత్రం ఎందుకో జారవిడుస్తారు. ఆ సర్గలో మారుతి తిరిగి కుంగాడు, మునుపటికంటే లోతుగా. వట్టిచేతులతో వెళ్తే రాముడేమవుతాడు, లక్ష్మణుడేమవుతాడు, సుగ్రీవుడేమవుతాడు, అయోధ్యలో తల్లులేమవుతారు అని ఒకదాని వెంట ఒకటిగా అనర్థాలు ఊహించుకొని, తాను ప్రాణాలు విడవడం మేలేమో అన్నంతవరకు వెళ్ళాడు. బతికి ఉంటేనే మేలు చూసే అవకాశముందని ఆ అంచు నుంచి వెనక్కి మళ్ళాడు. దేవతలకు నమస్కరించి అశోకవనం వైపు కదిలాడు. బుద్ధిమంతులలో వరిష్ఠుడని కీర్తి పొందినవాడికి, చిరంజీవికి, ఒకసారి చెప్పుకున్న ధైర్యవచనం చాలలేదు. అందులో ఆయన భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

అశోకవనంలో ఆయన చేసిన పని ఇంకా గమనించదగినది. సీతమ్మ జడతో ఉరివేసుకోవాలని తలచే దశకు చేరింది. శింశుపావృక్షం మీద ఉన్న హనుమ ముందుగా ఆమె స్థితిని చూశాడు, విలాపమంతా విన్నాడు, ఏ భాషలో ఏ మాటతో మొదలుపెడితే ఆమె బెదరదో ఆలోచించాడు. తరువాత మధురంగా రామకథ చెప్పాడు. పతివ్రతవై ఉండి ఈ తలపేమిటని అడగలేదు.

పంపాతీరంలో రాముడు విలపించినప్పుడు లక్ష్మణుడు ఉత్సాహం పూనమని గట్టిగానే చెప్పాడు కదా అనవచ్చు. చెప్పాడు. పద్నాలుగేళ్ళు నిద్రాహారాల లెక్క చూడకుండా అన్న వెంట నడిచినవాడు చెప్పాడు. కురుక్షేత్రంలో మందలించినవాడు కూడా అదే రథం మీద పగ్గాలు పట్టుకొని కూర్చున్నవాడు. అర్జునుడికి తగిలే బాణం తనకూ తగిలే చోట ఉన్నవాడు. ప్రబోధానికి అధికారం అక్కడి నుంచి వస్తుంది. గంట సేపు మాట్లాడి శాలువా కప్పించుకొని వెళ్ళేవారికి ఆ అధికారం ఎక్కడిది?

ఇంతవరకు చెప్పినది విషాదం భక్తికి విరోధి కాదని. కొన్ని విషాదాలు అసలు ఆధ్యాత్మిక విషయాలే కావని, వ్యాధులని, శాస్త్రమే అంగీకరిస్తుంది. యోగాంతరాయాలను లెక్కిస్తూ పతంజలి మొట్టమొదట పేర్కొన్నది వ్యాధిని. సంశయం, ఆలస్యం వంటివి తరువాతనే వచ్చాయి. చిత్తవిక్షేపానికి తోడుగా వచ్చేవాటిలో దుఃఖాన్నీ దౌర్మనస్యాన్నీ, దేహకంపాన్నీ గతి తప్పిన శ్వాసనూ ఒకే వరుసలో చెప్పాడు. మనసు, దేహం, ఊపిరి కలిసి చెడతాయని ఆ సూత్రకారుడికి తెలుసు. చరకుడు రోగాన్ని పెంచేవాటిలో విషాదమే ముఖ్యమన్నాడు. చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా విభజించాడు. జపహోమాదులు మొదటిది, ఔషధాహారాలు రెండవది, మనసును అహితవిషయాల నుంచి మరల్చడం మూడవది. మొదటిది ఉంటే తక్కిన రెండూ అక్కరలేదని ఆయన అనలేదు. అలా అనేవారు ఆయుర్వేదాన్ని కూడా ధిక్కరిస్తున్నారు.

థైరాయిడ్ గ్రంథి మందగిస్తే మనసు మందగిస్తుంది. బి12 లోపిస్తే నిస్పృహ రావచ్చు. ప్రసవించిన కొన్ని వారాలకు తల్లులు కారణం తెలియని దుఃఖంలో మునిగిపోవడం వైద్యులెరిగిన సంగతి. పసిబిడ్డ ఒడిలో ఉండగా ఏడుస్తున్న ఆ తల్లికి లలితాసహస్రం శ్రద్ధగా చదవడం లేదని చెప్పే బంధువులను ఏమనాలి? గ్రంథిలోపానికి ప్రాయశ్చిత్తం ఏ ధర్మశాస్త్రంలో ఉందో వారే చూపాలి. నిద్ర, ఆకలి, దేని మీదనైనా ఆసక్తి, ఈ మూడూ రెండు వారాలకు మించి కోల్పోయినవాడిని వైద్యుడి వద్దకు తీసుకువెళ్ళడం ఇంటివారి ధర్మం. అందుకు గుడికి వెళ్ళడం మానుకోనక్కరలేదు.

విశాఖలో చినవాల్తేరు వద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 19వ శతాబ్దంలో, మద్రాసు రాజధాని కాలంలో వెలసిన సంస్థ. జనం నోట దాని పేరు పిచ్చాసుపత్రి. ఆ ఒక్క పేరే ఎందరి కాళ్ళకో సంకెల. గుండెనొప్పి వస్తే కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్ళడానికి వెనుకాడని గృహస్థు, మనసు కుంగితే చినవాల్తేరు వెళ్ళడానికి మాత్రం పరువు చూసుకుంటాడు. ఆ సంకోచానికి లోకులిచ్చిన పేరు చాలదన్నట్లు, భక్తిలోపమనే ముద్రను ధర్మపీఠం కూడా జోడిస్తే వాడు ఎక్కడికి పోతాడు? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోవడానికి యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని చెప్పింది. లౌకికశాసనం శిక్షించనివాణ్ణి మోక్షశాస్త్రం పేరిట శిక్షించడానికి కొందరు పూనుకోవడం విడ్డూరం. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్య మీద ఎవరైనా, ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. సభల్లో విరాళాలకు బ్యాంకు ఖాతా సంఖ్య చదివి వినిపించేవారు ఈ అయిదంకెలు కూడా చదివితే పుణ్యమే.

కర్మసిద్ధాంతం మిగిలింది. పూర్వకర్మ ఫలం, అనుభవించక తప్పదు అనేది కుంగినవాడికి చెప్పే మాటలలో అత్యంత కఠోరమైనది. చెప్పేవారికి అత్యంత సులభమైనది. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం వద్ద ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రలో ఉన్నవారిని కమ్మేసింది. 12 మంది మరణించారు. సింహగిరికి ఎంతో దూరం లేని పల్లె అది. అప్పన్నకు మొక్కుకునేవారే అక్కడా ఉంటారు. ఆ ఉదయాన బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి కర్మవిపాకం వివరించగల గుండె ఎవరికుంది? అక్కడ చెప్పలేని మాట, కంటికి కనబడని విషం కమ్మినవాడి ముందు మాత్రం ఎలా చెప్పవస్తుంది? కర్మసిద్ధాంతం తన జీవితాన్ని తాను చదువుకోవడానికి, తన వంతు పని తాను చేయడానికి. యోగవాసిష్ఠంలోని ముముక్షుప్రకరణం దైవం పేరు చెప్పి చేతులు ముడుచుకోవడాన్ని ఎంత తీవ్రంగా ఖండించిందో చదివినవారికి తెలుసు. వైద్యం కూడా పురుషకారమే.

ఇటీవల దీనికి ఎదురుగా మరొక పక్షం బయలుదేరింది. వీరి దృష్టిలో ప్రతి దిగులూ వైరాగ్యోదయమే, ప్రతి నిద్రలేమీ సాధనలో పురోగతే. తీర్థయాత్ర నుంచి వచ్చి అన్నపానాలు మాని కృశించిన శ్రీరాముణ్ణి యోగవాసిష్ఠం నుంచి ఉదాహరిస్తారు. ఆ రాముడు సభలో నిలబడి జగత్తు నిస్సారతను ప్రకరణం పొడవునా స్పష్టంగా, క్రమంగా వాదించగలిగాడు. విశ్వామిత్రుడు విని, అది వివేకజనితమని నిర్ధారించాడు. వినకుండా నిర్ధారించలేదు. స్నానానికి లేవలేనివాడిని, వాక్యం పూర్తి చేయలేనివాడిని ఆ రాముడితో పోల్చి మందులు మాన్పించడం వైరాగ్యబోధ కాదు, హత్యాప్రాయం. తిట్టేవారికంటే ఈ పొగిడేవారి వల్ల కలిగే హాని తక్కువేమీ కాదు.

ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని భగవానుడు తన భక్తులను నలుగురిగా చెప్పినప్పుడు ఆర్తుడి పేరే ముందు వచ్చింది. ఆషాఢపౌర్ణమినాడు సింహగిరి చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచే జనసంద్రంలో ఆర్తులను పక్కకు తప్పించి చూడండి. దారి ఎంత పలుచబడుతుందో తెలుస్తుంది. మొక్కులన్నీ ఆర్తి నుంచి పుట్టినవే. ఆ కొండ మీది స్వామి ఉగ్రమూర్తి. ఆ ఉగ్రాన్ని చల్లార్చడానికి వైశాఖ శుద్ధ తదియ నాటి నిజరూపదర్శనం తరువాత చందనం సమర్పిస్తారు. ఒక్క పూతతో ముగించరు. తదియనాడు మూడు మణుగులు, వైశాఖపౌర్ణమికి మూడు, జ్యేష్ఠపౌర్ణమికి మూడు, ఆషాఢపౌర్ణమికి మూడు. నెలల తరబడి, విడతలుగా, అరగదీసినవారి చేతులు నొప్పి పుట్టేదాకా. స్వామికే ఇంత వ్యవధి ఇచ్చే సంప్రదాయం, కుంగిన మనిషికి ఒక్క ప్రవచనం గడువిచ్చి తేరుకోలేదని నిందిస్తే చూడటానికి బాగుండదు.

మార్గశిర శుద్ధ ఏకాదశికి గీతాజయంతి సభలు జరుగుతాయి. చాలాచోట్ల వ్యవధి చాలదని మొదటి అధ్యాయాన్ని నాలుగు మాటలలో దాటవేసి నేరుగా ఉపదేశంలోకి దిగే అలవాటుంది. ఈసారి ఆ అధ్యాయాన్ని సాంతం చదివించాలి. అర్జునుడి మాటలన్నీ అయ్యేదాకా వ్యాఖ్యానం ఆపాలి. సభ ముగిశాక వెనుక వరుసలో లేవకుండా మిగిలిపోయిన మనిషి ఉంటే ఉపన్యాసకుడు వేదిక దిగి వెళ్ళి పక్కన కూర్చోవాలి. అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా అని అడగాలి, సమాధానం పూర్తయ్యేదాకా ఆగాలి. కారు సిద్ధంగా ఉందని కార్యకర్త వచ్చి చెప్పినా సరే.